తొమ్మిదో నంబరు బల్ల

పొడుగూ,

ఎలా ఉన్నావే? మోకాలి నొప్పి తగ్గిందా? పదో తరగతి పిల్లలు ఇంకా లెక్కల టీచరు వస్తోందంటే బెంచీల కింద దూరుతున్నారా?

ఫోన్ చేద్దామని మూడుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేశాను. నీ గొంతు వినగానే ఏడుస్తాను. ఏడిస్తే నువ్వు ఓదారుస్తావు. ఈసారి ఆ ఓదార్పు నాకు రాకూడదు. అందుకని రాస్తున్నాను. రాస్తే నువ్వు మధ్యలో అడ్డం పడలేవు కదా.

కాలేజీ చదువు గడవని పిల్లలకు సాయం చేసే సంస్థ ఒకటి ఈ ఊళ్ళో ఉంది. ఏటా ఒక పెద్ద హాల్లో పొద్దున్నే ఫలహారం పెట్టి నలుగురినీ పిలుస్తారు. బల్లకొక ఆతిథేయి ఉంటుంది. తన పరిచయస్థులను ఎనిమిది మందిని తెచ్చుకుని కూర్చోబెట్టాలి. వాళ్ళ మధ్యన సంస్థ సాయంతో చదివే విద్యార్థి ఒకరు కూర్చుంటారు. అందరూ లేచేలోపు ఒక విద్యార్థి చదువు మేం చూసుకుంటామని కార్డుల మీద సంతకాలు పెట్టించాలి. అదీ పని. ఆ సంస్థ నడిపే ఆవిడ నా దగ్గరికి పన్ను చూపించుకోవడానికి వచ్చి, నోట్లో దూది ఉండగానే, తొమ్మిదో నంబరు బల్ల తీసుకోమని అడిగింది. నోరు తెరుచుకుని బతిమాలే మనిషికి కాదనడం నాకు చేతకాలేదు.

నా పేషెంట్లనే పిలిచాను. ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు, లాయరుగారు, ఆయన భార్య, ఇంకో నలుగురు, మా ఆయన. పళ్ళ డాక్టరు పిలిస్తే ఎవరూ రామనరు, ఎప్పటికైనా నా కుర్చీలో పడుకోవలసినవాళ్ళే కదా.

రెండు రోజుల ముందు ఆవిడ ఒక కవరు పంపింది. మా బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి తన గురించి రాసుకున్న పేజీ అందులో ఉంది. పైన "మీకు మాత్రమే, ఎవరికీ చూపించవద్దు" అని ఉంది. అమ్మాయి ల్యాబు టెక్నీషియను కోర్సు రెండో ఏడాది. తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. తల్లి ఆసుపత్రిలో గదులు తుడుస్తుంది. ఏడు నెలల పాటు ఒక దుకాణం వెనక గదిలో, అట్టపెట్టెల మధ్య, తల్లీ ఇద్దరు కూతుళ్ళూ ఉన్నారు. రోగులు తినకుండా వదిలేసిన ట్రేలలోది తల్లి డబ్బాలో సర్దుకుని తెస్తే, రాత్రి అదే తినేవాళ్ళు. ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాను. పేజీ మడిచి పర్సులో పెట్టుకున్నాను.

ఆ రోజు బస్సు ఆలస్యమై అమ్మాయి ఇంకా రాలేదు. నా అతిథులు రొట్టె ముక్కలు తుంపుకుంటూ ఎండల గురించీ, రోడ్ల గురించీ మాట్లాడుకుంటున్నారు. కార్డులు గ్లాసుల కింద తడుస్తున్నాయి. పక్క బల్ల ఆవిడ సంతకాలైన కార్డులను పేకముక్కల్లా పట్టుకుని నాకేసి నవ్వింది. అంతే. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "మీకు ఆ అమ్మాయి సంగతి తెలియదు" అని మొదలుపెట్టాను. పేజీ తీయలేదు, తీయనక్కరలేకుండానే అంతా నోటికి వచ్చింది. అట్టపెట్టెలు చెప్పాను. తండ్రి సంగతి చెప్పాను. ట్రేల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాను. ఎక్కడ తగ్గించాలో నాకు తెలుసే పొడుగూ, అదీ నన్ను చంపుతున్నది. లాయరుగారి భార్య కళ్ళు తుడుచుకుంది. నలుగురు పెన్నులు తీశారు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

అప్పుడు మా ఆయన నా మోచేయి నొక్కారు. వెనక్కి తిరిగితే నా కుర్చీ వెనకే అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో ఖాళీ ప్లేటు. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో అడగనక్కరలేదు, ముఖమే చెబుతోంది.

తరవాత జరిగింది ఇంకా ఘోరం. అందరూ ఒక్కసారిగా మంచివాళ్ళయిపోయారు. కాంట్రాక్టరు తన చేత్తో రెండు గుడ్లు ఆమె ప్లేటులో వేసి "సిగ్గుపడకమ్మా, కడుపునిండా తిను" అన్నారు. లాయరుగారి భార్య వెన్న, పళ్ళ ముక్కలు. ఇంకెవరో ఇంటికి కూడా కట్టించుకుని వెళ్ళమన్నారు. ప్లేటు గుట్టలా నిండింది. ఆ పిల్ల ఒక్క ముక్క ముట్టుకోలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, కాసేపటికి నన్ను మాత్రం అడిగింది, "మేడం, మీరు ఈ సంస్థకి ఎలా వచ్చారు?" అని.

ఒక్క మాట చెబితే సరిపోయేది. నేనూ ఇలాంటి సాయం మీదే చదివానమ్మా అంటే చాలు. మన హాస్టల్‌కి దాతలు వచ్చిన రోజు గుర్తుందా? ఒకే రంగు స్వెట్టర్లు వేసి మనల్ని వేదిక ఎక్కించారు. వార్డెను తెర వెనక నుంచి "నవ్వండి, నవ్వండి" అంటూ ఉంటే నవ్వాం. దిగి వచ్చి నువ్వు నీళ్ళ ట్యాంకు వెనక వాంతి చేసుకున్నావు. ఇంకెప్పుడూ ఎవరి ముందూ ఇలా నిలబడవద్దని అక్కడే ఒట్లు వేసుకున్నాం. నేను ఆ ఒట్టు ఎంత బాగా నిలబెట్టుకున్నానంటే, మా ఆయనకి చెప్పడానికే పెళ్ళయ్యాక రెండేళ్ళు పట్టింది. మరెవరికీ చెప్పలేదు.

ఆ అమ్మాయికి ఏం చెప్పానో తెలుసా? "మా ఇంట్లో మొదటి నుంచీ పదిమందికీ పెట్టే అలవాటమ్మా" అన్నాను. మా ఆయన తల వంచుకుని చెంచా కేసి చూస్తూ కూర్చున్నారు.

ఆమె వేదిక మీద మాట్లాడవలసి ఉంది. పేరు పిలిచే సమయానికి వంటవాళ్ళ తలుపులోంచి వెళ్ళిపోయింది. ఒంట్లో బాగాలేదని మైకులో చెప్పారు. ఇల్లు చేరాక మా ఆయన, "ఆ పిల్ల నిన్ను తోడు అడిగిందే" అన్నారు. నిన్న సంస్థ ఆవిడ ఫోన్ చేసింది. అమ్మాయి కాలేజీకి వెళ్ళడం లేదట, సాయం వద్దని కబురు పంపిందట. ఆవిడకి కారణం తెలియదు. నేను చెప్పలేదు, ఫోను పట్టుకుని "అయ్యో" అన్నాను.

ఇప్పుడు ఏం చేయను? తిట్టు. నీ తిట్లకు నేను తగినదాన్నే.

నీ
పిట్ట

*

పిట్టా,

తిట్టమన్నావు కాబట్టి తిట్టను. తిడితే నీకు తేలికవుతుంది.

ముందు ఒక సంగతి సరిచెయ్యనీ. నీళ్ళ ట్యాంకు వెనక వాంతి చేసుకున్నది నేను కాదు, నువ్వు. నీ జడ పట్టుకుని, నోరు కడిగించి, స్వెట్టరు ఉతికింది నేను. ఇన్నేళ్ళలో అది కూడా నా ఖాతాలో వేసేశావన్నమాట. నాకేం కోపం లేదు, కానీ నువ్వు ఎంత దూరం పరుగెత్తావో చూసుకో.

ఒట్టు నువ్వు వేశావు, నేను వేయలేదు. నా పిల్లలకి, మా బడి పిల్లలకి నన్ను ఎవరు చదివించారో చెబుతూనే ఉన్నాను. కొంతమంది జాలిపడతారు. ఆ జాలి వాళ్ళ గొడవ.

నాకు ఇంత పెద్ద ఉత్తరం ఎందుకు రాశావు? నువ్వు అవమానించింది నన్ను కాదుగా. ఆ పిల్లకి రాయి. మొదటి వాక్యంలోనే నిజం రాయి. నీ బాధ సగం పేజీ దాటనివ్వకు. క్షమించమని అడగకు, దాంతో పాపం ఆ పిల్ల మీద ఇంకో పని పడుతుంది. సంస్థ ఆవిడతో "అయ్యో" అన్నావు చూడు, అది కూడా సరిచేసుకో.

మోకాలు అలాగే ఉంది.

నీ
పొడుగు

*

అమ్మాయికి,

"చిరంజీవి" అని రాయబోయి ఆగాను. మీతో అంత చనువు తీసుకునే హక్కు నాకు లేదు.

నేను అనాథగా, దాతలు నడిపే హాస్టల్లో పెరిగి, వాళ్ళ సాయంతోనే పళ్ళ డాక్టరు చదువు చదివాను. మా ఇంట్లో మొదటి నుంచీ పెట్టే అలవాటని మీతో చెప్పింది అబద్ధం. పెట్టడానికి నాకు ఇల్లే లేదు. మీరు అడిగినప్పుడు నిజం చెబితే ఆ బల్ల చుట్టూ ఉన్న కళ్ళు మీ మీద నుంచి నా మీదకి తిరుగుతాయని భయపడ్డాను. మిమ్మల్ని ఒక్కరినే అక్కడ వదిలేశాను.

మీ పేజీ నా ఒక్కదాని కోసం ఇచ్చారు. సంతకాల కోసం దాన్ని పదిమందిలో విప్పాను. బస్సు ఆలస్యం కాకపోయినా ఆ తప్పు తప్పే. మీరు వినకపోతే నాకు సిగ్గు కూడా వేసేది కాదేమో. అది తలుచుకుంటే మరీ సిగ్గుగా ఉంది.

సంస్థ ఆవిడ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. వచ్చే ఏడాది నాకు బల్ల ఇవ్వదు, అది న్యాయమే. ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నేను ఎక్కడ చదివానో, మీ విషయంలో ఏం తప్పు చేశానో చెప్పాను. కాంట్రాక్టరు, "అలాగా డాక్టరుగారూ. మంగళవారం నా పన్ను పీకుతారు కదా, అది చెప్పండి" అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా నేను భయపడ్డది దీనికి.

మీ చదువు ఆగితే అందుకు కారణం నేనవుతాను. అయినా ఏం చేయాలో చెప్పే అర్హత నాకు లేదు. ఈ ఉత్తరానికి జవాబు రాయనక్కరలేదు.

ఇట్లు,
తొమ్మిదో బల్ల డాక్టరు

*

డాక్టరుగారికి,

నమస్కారం. మీ ఉత్తరం సంస్థ మేడం ఇచ్చారు. వారం రోజులు పుస్తకంలో పెట్టుకుని తిరిగాను. జవాబు రాయనక్కరలేదన్నారు, కానీ రాయకపోతే మీరు ఒక్కరే తప్పు చేసినట్టు ఉండిపోతుంది.

నాకు కోపం వచ్చిన మాట నిజం. ఆ ప్లేటు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. గుడ్లంటే నాకు అసలే పడవు. కానీ నేను వెళ్ళిపోయింది మీ మీద కోపంతో కాదు.

ట్రేల సంగతి అబద్ధం. మా అమ్మ ఏ రోజూ ఆసుపత్రి నుంచి ఒక్క మెతుకు తేలేదు. తెచ్చే మనిషి కాదు. దుకాణం వెనక గది నిజం, నాన్న వెళ్ళిపోవడం నిజం. మొదట అంతే రాసి ఇచ్చాను. సంస్థలో మా పేజీలు చూసే ఆయన చదివి, "బాగుంది కానీ ఇంకొంచెం మనసుకి తగిలేలా రాయమ్మా, ఇలాంటివి చాలామంది రాశారు" అన్నారు. బస్టాపులో కూర్చుని ఆ ఒక్క వాక్యం కలిపాను. చేర్చింది నేనే, ఆయన కాదు. కాగితం మీద ఉన్నంతసేపూ అది నాకు ఏమీ అనిపించలేదు. మీరు గొంతు తగ్గించి చెబుతుంటే, అంతమంది మా అమ్మని తలుచుకుని కళ్ళు తుడుచుకుంటుంటే, అప్పుడు వినపడింది నేను ఏం రాశానో. మీరు ఎలా వచ్చారని అడిగింది కూడా, మీరు మీ సంగతి ఏదైనా చెబితే ఆ ధైర్యంతో నేను నిజం చెప్పేద్దామని. మీరు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. లేచి వెళ్ళిపోయాను.

ఇంట్లో అమ్మకి చెప్పాను. రెండు రోజులు వంట చేసి పెట్టేది, పక్కన కూర్చునేది కాదు. మూడో రోజు, "సాయం తీసుకుంటే నాకేం చిన్నతనం లేదే. నేను చెయ్యని పని నా నెత్తిన పెట్టి తీసుకోకు" అంది. అందుకే సాయం వద్దని కబురు పంపాను. మీ ఉత్తరం వచ్చాక అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. "ఆవిడ ఫోన్లు చేసి చెప్పింది కదా, నువ్వు వెళ్ళి చెప్పు" అంది.

వెళ్ళాను. ఆ వాక్యం లేకుండా కొత్త పేజీ రాసి ఇచ్చి, పాతది ఎందుకు అబద్ధమో చెప్పాను. మేడం రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదివారు. నెలాఖరు మీటింగులో అందరినీ అడగాలన్నారు. ఇస్తారో లేదో తెలియదు. ఇవ్వకపోతే ఆసుపత్రి ల్యాబులోనే సాయంత్రం పని ఉంది, ఆలస్యమైనా చదువు పూర్తి చేస్తాను. సోమవారం నుంచి కాలేజీకి వెళ్తున్నాను.

ఇంకొక విషయం. అమ్మకి నాలుగు నెలలుగా దవడ పన్ను నొప్పి. వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటే, వద్దు, ఆవిడకే చూపించుకుంటానంది. శనివారం వస్తాం. అమ్మ అందరితో పాటే బయట కూర్చుంటుంది. దయచేసి ముందుగా పిలవకండి.

ఇట్లు,
మీ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి