నూనెగొట్టం జాయింటు, పుట్టింటి కుండ

కంచరపాలెం,
శుక్రవారం

అప్ప పైడమ్మకు, తమ్ముడు సింహాచలం దండాలు పెట్టి రాసే సంగతులు.

ఇక్కడ నేను తిని తిరుగుతున్నాను. అక్కడ నువ్వూ, నీ కొడుకు నారాయణా, కోడలూ తిని తిరుగుతున్నారనే అనుకుంటున్నాను. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇది చదివి వినిపించే కోడలిని నా అక్షరాలు చూసి నవ్వొద్దని చెప్పు. మన బడిలో నేర్పింది ఇంతే.

నువ్వు పంపిన కబురు మన ఊరి అప్పలనాయుడు చెప్పాడు. మంగళవారం అమ్మవారి పండగకి నేను రాకపోతే గుడికి మోసే పసుపునీళ్ల ముర్రాట కుండ ఎత్తనన్నావట. పుట్టింటి కుండని ఆ ఇంటి మగవాడే ఆడపడుచు నెత్తికెత్తాలి, మన ఇంటికి మిగిలింది నేనొక్కణ్నే. మరిచిపోలేదు అప్పా. సంచి కూడా సర్దుకున్నాను. ఇంతలో పని అడ్డం పడింది.

మా షెడ్డు యజమాని ఖాదర్ భాయ్ సంగతి ఇదివరకు రాశాను. వన్ టౌన్ మనిషి, లేతు పనిలో చెయ్యి తిరిగినవాడు. నన్ను బావా అంటాడు. మధ్యాహ్నం ఆయన ఇంటి క్యారేజీలో నాకూ వాటా ఉంటుంది. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట పెద్ద పెద్ద మిషన్లున్నాయి. వాటికి నూనె రబ్బరు గొట్టాల్లో వెళుతుంది. గొట్టం విప్పినప్పుడల్లా నూనె కారి మనుషులు తడిసిపోతున్నారట. పానాతో పని లేకుండా నొక్కితే అతుక్కునేది, రింగు వెనక్కి లాగితే ఊడేది, ఊడగానే రెండు వైపులా తనంతట తానే మూసుకునేది ఒక జాయింటు కావాలని అక్కడి కంట్రాక్టరు అడిగాడు.

ఖాదర్ భాయ్ సుద్దముక్కతో నేల మీద బొమ్మ వేశాడు. రెండు ముక్కలు, ఒక్కోదాంట్లో ఒక స్ప్రింగు, ఒక బిరడా. మన పంపులో తోలు నాలుక నీళ్లని వెనక్కి పోనివ్వదు చూడు, అలాంటిదే. కలిస్తే ఒకదాన్నొకటి నెట్టుకుని తెరుచుకుంటాయి, విడిపోతే మూసుకుంటాయి. ఆ బొమ్మ చెరిపి, మళ్లీ వేసి, ఎన్ని రోజులు కూర్చున్నామో. షెడ్డు ఊడవాలంటే ముందు ఆయన్ని అడగాలి. రెండు ముక్కల మధ్య నూనె కారకుండా పెట్టే వాషరు పని నాది. ఊళ్లో పంపులకి కోసినట్టే కోశాను, తోలుకి బదులు సైకిలు ట్యూబు.

నూనె ఒలకబోయడం ఇష్టం లేక షెడ్డులో నీళ్లతోనే చూశాం. చుక్క కారలేదు. ఖాదర్ భాయ్ ఆ రోజు జిలేబీ తెప్పించాడు. తీరా అక్కడ మిషనుకి తగిలించి, కొన్ని రోజులయ్యాక విప్పబోతే ఊడలేదు. నూనెలో నాని రబ్బరు శనగగింజలా ఉబ్బి పట్టేసింది. ఫిట్టరు రింగు లాగి లాగి నావైపు చూశాడు.

"ఇదేటి తాతా, కలిపీసినావు గానీ ఇడగొట్టడం మరిసిపోనావేటి?"

అందరూ నవ్వారు. ఖాదర్ భాయ్ నవ్వలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. చివరికి గొట్టం కోసి తీశారు.

తర్వాత నూనెకి ఉబ్బని రబ్బరు వన్ టౌన్లో దొరికింది. కొత్త వాషర్లు కోసి నూనె డబ్బాలో వేశాం, వాషరు కూర్చునే గాడి కూడా కొంచెం వెడల్పు చేశాం. పొద్దున్నే వెళ్లి ఒకటి తీసి వేళ్లతో నొక్కి చూస్తున్నాను. ఇప్పటిదాకా బాగానే ఉంది. అలా నానిన వాషర్లతోనే మళ్లీ తగిలించి, విప్పి చూసేది మంగళవారం అన్నారు. ఈసారీ పట్టేస్తే ఇంకొకరికి ఇచ్చేస్తారట. పండగ సంగతి ఖాదర్ భాయ్‌కి భయపడుతూనే చెప్పాను.

"నువ్వెల్లు బావా. అప్ప ఎదురు సూత్తుంటది. ఇక్కడ నాను సూసుకుంతాను," అన్నాడు.

అలా అన్నందుకే కాళ్లు కదల్లేదు అప్పా. వాషరు నేను కోసింది. అది పట్టేస్తే ఆయనొక్కడే ఆ నవ్వులు పడాలి. నేను రాలేను. కోపం తెచ్చుకోకు.

ఇక్కడ రైలుకట్ట పక్కన గదిలో ఉక్కగా ఉంటోంది. ఉతికిన బట్ట మీద పోర్టు ఎర్రదుమ్ము పడుతుంది. చోడి అంబలి రోడ్డు మీద అమ్ముతారు, తాగుతాను, నీ చేతి పులుపు రాదు. నిన్న వీధిలో ఎవరిదో డప్పు వినబడితే అన్నం ముందునుంచి లేచి గుమ్మం దాకా వెళ్లాను. పెళ్లి ఊరేగింపు.

నువ్వు మాత్రం కుండ ఆపకు. నాన్నకి జ్వరం వచ్చిన ఏడు, నేనింకా చిన్నవాణ్నని, నాన్న తువ్వాలు భుజాన వేసుకుని మావయ్య ఎత్తాడు, గుర్తుందా? ఊళ్లో ఎవరూ కాదనలేదు. అందుకని నా తువ్వాలు అప్పలనాయుడితో పంపుతున్నాను. రెండుసార్లు ఉతికాను, నూనె మరక పోలేదు. అది నారాయణ భుజాన వేసి వాడి చేత ఎత్తించుకో. పెద్దలు ఏమన్నా అంటే నేనే ఒప్పుకున్నానని చెప్పు.

నారాయణకి ఒక మాట. మీ అమ్మ ఎడమ చెయ్యి పైకి లేవదు, కుండ కుడివైపు నుంచి ఎత్తాలి. తలమీద చుట్టకుదురు తడిపి పెట్టాలి. కుండ కుదిరిందని వెంటనే వదిలెయ్యకూడదు, ఊఁ అనేదాకా పట్టుకోవాలి. నీకు తెలుసో తెలియదో అప్పా, నువ్వు ఊఁ అన్నాక కూడా నేను కొంత దూరం నీ వెనకే చేతులు చాచుకుని నడిచేవాణ్ని.

పెద్దలందరికీ నా దండాలు. అమ్మవారి బొట్టు పెట్టుకునేటప్పుడు నన్ను తలుచుకుని దీవించు. కుండ ఎత్తావని కోడలి చేత కార్డు ముక్క రాయించు.

నీ తమ్ముడు
సింహాచలం