డోళ్ళు ఆగే చోట

మతంజాస్,
30 జూన్ 1952.

ప్రియమైన అన్నయ్య ఫ్లోరెన్సియోకి,

నీ చెల్లెలు బెనిల్డా నమస్కరించి రాసేది. ఇక్కడ అమ్మ క్షేమం. నేను కూడా క్షేమమే. ఈ మాట విడిగా ఎందుకు రాస్తున్నానంటే, నాకేదో పెద్ద జబ్బు చేసిందని ఈపాటికే ఎవరో ఒకరు హవానా బస్సెక్కి వచ్చి నీ చెవిన వేసి ఉంటారు. నమ్మకు. నిన్న ఒక్కపూటలో పన్నెండు చొక్కాలు ఇస్త్రీ చేశాను. ఆ పుకారు ఎలా పుట్టిందో చెబుతాను గాని, ముందు నీ ఉత్తరానికి జవాబు.

అమ్మ మోకాలు అలాగే ఉంది. వదిన పంపిన తైలం రోజూ రాస్తున్నాం. వాసనే తప్ప గుణం కనబడలేదు. ఈ మాట వదినతో అనకు. బెండకాయ కూరలో అరటికాయ ఉండలు వేసిన రోజు అమ్మ నిన్ను తలుచుకుని రెండు ఉండలు పక్కన పెడుతుంది. కాసేపయ్యాక తనే తినేస్తుంది.

ఇక రికార్డు సంగతి. విన్నావా, ఎలా ఉంది అని రెండుసార్లు అడిగావు. విన్నాను. బట్టల బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్తుంటే మూలమీది బారులో రికార్డుల పెట్టె మోగింది. నీ గొంతు గుర్తుపట్టి గుమ్మం దగ్గర ఆగిపోయాను. అబద్ధమెందుకు, మొదట ఒళ్ళు పులకరించింది. మన ‘తెల్ల చొక్కా’ పాట, డోళ్ళు, కర్రలతో ఆడిపాడే మన వీధి రుంబా, పియానోతో, బాకాలతో, రాజధాని హంగులతో వస్తోంది. రెండో చరణం అయింది. డోళ్ళు ఆగే చోటు వచ్చింది. అవి ఆగలేదు. పైగా మూడు బాకాలు ఒక్కసారిగా గయ్యిమన్నాయి.

అన్నయ్యా, నీకు సిగ్గు లేదా? ఆ చోట డోళ్ళన్నీ ఆగాలని, కర్రలు మాత్రమే టక్ టక్ మంటూ ఉండాలని, ఆ కాస్త నిశ్శబ్దంలో ఏ ఇంట్లో పాడుతున్నామో ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేరు ఒకటి పలకాలని నీకు తెలియదా? నాన్న పోయిన ఏడు అక్కడ అమ్మ “నికనోర్” అంటే, డోలు మీద తల ఆనించి ఏడ్చింది నువ్వే కదా. ఆ చోటు ఖాళీగా వదిలితే నాట్యమాడేవాళ్ళ కాళ్ళు తడబడతాయని మీ బ్యాండు పెద్ద అన్నాడని రాశావు. తడబడనీ. పాతికేళ్ళుగా ఇక్కడ ఎవరి కాళ్ళూ విరగలేదు.

బారు యజమానిని అడిగి ఆ రికార్డు చేతిలోకి తీసుకుని చూశాను. పాట పేరుంది. మీ బ్యాండు పేరుంది. కింద ‘రచయిత తెలియదు’ అని ఉంది. అదెలా వచ్చిందో నీ ఉత్తరంలో నువ్వే రాశావు. కంపెనీ గుమాస్తా ఈ పాట ఎవరిదని అడిగితే, మా వీధిలో పాత పాట, ఎవరిదో ఎవరికి తెలుసు అన్నావట. అదేదో ఘనకార్యమైనట్టు రాశావు. వీధి వీధంతా అది నికనోర్ పాట అంటుంటే, కన్నకొడుకు నోటికి ఆ పేరు రాలేదా? మళ్ళీ అదే ఉత్తరం చివర, రెండో రికార్డుకి నాన్న పాటలు ఇంకేమైనా ఉంటే మాటలు రాసి పంపమంటావా? ఆ కోపంలో డాక్టరుగారి చొక్కా కాల్చేశాను. పదిహేనేళ్ళుగా ఆయన బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను, కాల్చడం అదే మొదటిసారి.

ఆ కోపం చల్లారకముందే సాన్ హువాన్ పండుగ వచ్చింది. మధ్యాహ్నం మన వాకిట్లోనే రుంబా. నాన్న తరవాత ముందుపాట పాడేది తెయోఫిలోనే కదా. ‘తెల్ల చొక్కా’ ఎత్తుకున్నాడు. రెండో చరణం అయింది, డోళ్ళు ఆగాయి. ఎప్పటిలాగే అమ్మ నాన్న పేరు చెబుతుందని అందరూ ఆమె వైపు చూస్తున్నారు. ఆమెకంటే ముందు నేను నోరు తెరిచాను. “బెనిల్డా” అన్నాను.

డోళ్ళు మళ్ళీ అందుకోవాలి. ఎవరి చెయ్యీ లేవలేదు. ముసలమ్మలు శిలువ గుర్తు వేసుకున్నారు. తెయోఫిలో మొహం తెల్లబోయింది.

“ఏంటమ్మాయ్, బతికున్న మనిషివి, నీ పేరే చెప్పుకుంటావేంటి? ఒంట్లో బాగానే ఉందా?”

కుర్చీలోంచి అమ్మ అంది. “దానికేం రోగం లేదు. పాట దానిది. దాని పేరు అది చెప్పుకుంది. కొట్టండి డోళ్ళు.”

సగం మంది అమ్మకి మతి చలించిందనుకున్నారు. మిగతా సగం మంది, పాపం నాకు రోజులు దగ్గర పడ్డాయి కాబోలనుకున్నారు. మర్నాటి నుంచి కోడి పులుసు గిన్నెలతో పరామర్శకు వస్తున్నారు. పులుసులు బాగున్నాయి. అమ్మ చెప్పిన మాట మాత్రం ఒక్కరూ నమ్మలేదు.

నువ్వు నమ్ముతావో లేదో. ఆ పాట నేను కట్టాను, అన్నయ్యా. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. బొగ్గుల ఇస్త్రీపెట్టె ముందు నిలబడి కట్టాను. అందులో ఈ చరణం నువ్వు వెయ్యిసార్లు పాడి ఉంటావు. గంజి పెట్టిన చొక్కా వేసుకుని వేరేదానితో ఆడటానికి వెళ్ళేవాడు, మోచేతి దగ్గర గంజి తక్కువైన చోటు చూసుకుని ఇస్త్రీ చేసినదాన్ని తలుచుకుంటాడు. రేవులో పంచదార బస్తాలు మోసిన నాన్నకి గంజి ఎక్కడ తగ్గిందో ఏం తెలుస్తుంది? ఒక్కసారైనా అనుమానం రాలేదా నీకు?

ఆ రోజుల్లో మన మేళంలో ఏ పాటైనా ముందు ఎలిగియో పెద్దాయన విని సరే అనాలి. ఆడపిల్ల కట్టిందంటే ఆయన వినడని, తనదని చెప్పి నాన్న తీసుకెళ్ళాడు. నేనూ సరేనన్నాను, ఎవరూ బలవంతం చెయ్యలేదు. రెండో చరణం తరవాత కట్టినవాళ్ళు తమ పేరు చెప్పుకోవడం అప్పటి పద్ధతి. నాన్న పాడుతూ పాడుతూ ఆ చోటికి వచ్చాడు. వంతపాట వరసలో ఉన్న నన్ను చూశాడు. ఆయనకి తన పేరు చెప్పడానికి నోరు రాలేదు, నా పేరు చెప్పడానికి ధైర్యం రాలేదు. మరిచిపోయాడనుకుని డోళ్ళవాళ్ళు ఆపేశారు. ఆ నెలలోనే ఎలిగియో భార్య పోయింది. ఆ నిశ్శబ్దం ఆవిడ కోసమే అనుకుని ఆయన మెల్లగా ఆవిడ పేరు పలికి కళ్ళు తుడుచుకున్నాడు. అప్పటి నుంచి అందరూ అక్కడ తమవాళ్ళని తలుచుకోవడం మొదలుపెట్టారు. ఆ చోటు ఎందుకు ఖాళీగా ఉందో నాన్నకి, అమ్మకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నాన్న మీద కూడా నాకు కోపమే. నా మీద ఇంకా ఎక్కువ. నువ్వు ఆ గుమాస్తాకి నాన్న పేరు చెప్పి ఉంటే, పోనీలే అనుకుని చచ్చేదాకా నోరు మూసుకునేదాన్ని. ఎవరిదో తెలియదన్నావు చూడు, అది భరించలేకపోయాను.

నువ్వు అడిగిన పాటలు నా దగ్గరున్నాయి. రెండు నిజంగా నాన్నవి. తొమ్మిది నావి. ఒక్క మాట కూడా రాసి పంపను. ముందు ఆ కంపెనీకి వెళ్ళి పాట ఎవరిదో చెప్పు. బాకాలవాళ్ళని ఆ చోట ఊరుకోమను. డోళ్ళు ఆపించి, ఆ నిశ్శబ్దంలో నా పేరు నీ గొంతుతో పలుకు. నేను పోయాక పద్ధతి ప్రకారం ఎవరో ఒకరు ఎలాగూ పలుకుతారు. నాకు బతికుండగా వినాలని ఉంది.

వదినకు, పిల్లలకు ముద్దులు. నీ మీద కోపం అలాగే ఉంది.

ఇట్లు,
‘తెల్ల చొక్కా’ పాట కట్టిన
నీ చెల్లెలు,
బెనిల్డా.