మా అమ్మాయికి మూడో మౌఖిక పరీక్ష వద్దని

పరీక్షల నియంత్రణాధికారి గారి సముఖమునకు,

విశ్వవిద్యాలయం పెద్ద గేటు ఎదుట స్నాతకోత్సవం గౌన్లు కుట్టు ముసలి దర్జీ వ్రాసుకొను అర్జీ.

విషయం: రాజనీతిశాస్త్రం డిగ్రీకి కావలసినవన్నియు మా అమ్మాయి పూర్తి చేసియున్నందున మూడవ మౌఖిక పరీక్ష రద్దు చేయుట గురించి, మరియు ఆమె గురించి నేను చెప్పిన మాటలు కొట్టివేయుట గురించి.

అయ్యా,

ముందుగా తమకు వేయి దండాలు. మా అమ్మాయి పాసయింది! బోర్డు మీద దాని నంబరు నాకు కనబడుతూనే ఉన్నా, చదువు రానివాడిలా పక్కనున్న ప్రతివాణ్ణీ "బాబూ, అదేం నంబరో కాస్త చదివి పెట్టు" అని అడిగి చదివించుకున్నాను. ఎంతమంది చదివినా తనివి తీరలేదు. మా వంశంలో వేలిముద్రలు దాటి సంతకం దాకా వచ్చినవాణ్ణి నేనే. నా కూతురు ఏకంగా పట్టా దాకా వచ్చింది. ఏనుగెక్కినట్టుందయ్యా. ఈ అర్జీలో ఎక్కడైనా నా సంతోషం హద్దు మీరితే మన్నించగలరు.

ఇన్నేళ్లుగా తమ గౌన్లు కుట్టింది నేనే. ఈసారి మా అమ్మాయిది కూడా కుట్టాను. కింది అంచు మాత్రం మడవలేదు. మా పనిలో పద్ధతి అది. మనిషి గౌను తొడుక్కుని, ఆ రోజు వేసుకునే చెప్పులతోనే నిటారుగా నిలబడ్డాక అంచు మడిచి కుట్టాలి. కాదని ముందే కుట్టేస్తే వేదిక మెట్ల మీద కాలికి అడ్డుపడుతుంది. అలా నిలబడడానికి మా అమ్మాయికి తీరిక దొరకడం లేదు. ఎందుకు దొరకడం లేదో మనవి చేసుకొనుటకే ఈ అర్జీ.

1. సదరు డిగ్రీకి ఏమేమి కావలెనో మా అమ్మాయి మొదటి ఏడే నాకు చదివి వినిపించియున్నది. నేను మిషను తొక్కుతుంటే అది చదివేది. ఇన్ని పేపర్లు, ఇంత హాజరు, ఒక ప్రాజెక్టు, చర్చా బృందంలో ఇన్ని గంటలు, ఆఖరున మౌఖిక పరీక్ష. ఒక్కోటి పూర్తవగానే నా షాపు తెరకి ఒక గుండీ కుట్టాను. ఇప్పుడు తెర నిండా గుండీలే. బేరానికి వచ్చినవాళ్లు "ఇదేం ఫ్యాషను తాతా?" అంటారు. "రాజనీతిశాస్త్రం ఫ్యాషను" అంటాను.

2. మొదటి మౌఖిక పరీక్ష డిపార్టుమెంటులోనే జరిగినది. మా అమ్మాయి మాస్టారు, బయటి కాలేజీ మాస్టారు ఒకరు కూర్చున్నారు. చట్టం చేసేవాడూ తీర్పు చెప్పేవాడూ ఒకడే అయితే ఏమవుతుందని అడిగారట. అది చెప్పిన జవాబు నాకు అర్థం కాలేదు గాని, దాని మాస్టారు బయటికి వచ్చి నా చేతులు పట్టుకుని "పెద్దాయనా, ఇవాళ మీ అమ్మాయే నాకు పాఠం చెప్పింది" అన్నారు. ఆ తర్వాతే బోర్డు మీద నంబరు పడింది. కనుక కావలసినవన్నియు పూర్తి అయినట్లే గదా అని మనవి.

3. ఫలితాలు వచ్చిన వారంలోనే బూడిదరంగు కోటు వేసుకున్న ఒకాయన షాపుకి వచ్చారు. చర్చా బృందం గంటలు సరిచూడాలన్నారు. అంత పెద్ద మనిషి నా బల్ల మీద కూర్చున్నందుకు నేను పొంగిపోయాను. ఆయన కోటు గుండీ ఊగుతుంటే ఊరికే కుట్టి ఇచ్చాను. అప్పుడు చూశాను, ఎడమ చంక కింద వదులు ఎక్కువ పెట్టించారు. అటువంటి కోట్లు నేనూ కుట్టాను. అక్కడ పెట్టుకునేది పెన్ను కాదు. అయినా నా నోరు ఆగలేదు.

"మీ అమ్మాయీ వాళ్లూ ఇక్కడే కూర్చుని మాట్లాడుకునేవాళ్లట గదా?"

"ఇక్కడేనండి, తమరు కూర్చున్న బల్ల మీదే."

"ఎవరెవరు వచ్చేవారు?"

ఎంత ఎక్కువమందిని చెబితే అన్ని ఎక్కువ మార్కులనుకున్నాను. పొడుగబ్బాయిని చెప్పాను, కళ్లజోడు పిల్లను చెప్పాను, వాళ్ల ఇళ్లు కూడా చెప్పాను. చాలదేమోనని పక్క బండి ఇస్త్రీ ఆయన్ని కూడా కలిపేశాను. ఆయన వచ్చేది టీ కోసమయ్యా!

"ఇంతమందినీ నడిపించేది ఎవరు?"

"ఇంకెవరండీ, మా అమ్మాయే! అది నోరు తెరిస్తే మిగతావాళ్లు మూసుకోవాల్సిందే!"

"మంచిది. తండ్రే చెప్పాక ఇంకేం కావాలి?" అని నవ్వి వెళ్లారు.

ఇది విని మా ఇంటిది "బట్టని వెయ్యిసార్లు కొలిచి కోస్తారు. మాటకి కొలతే లేదు. మీ నోటికి కాజా కుట్టి గుండీ పెట్టుకోండి!" అన్నది. మా అమ్మాయి తిట్టలేదు. తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టి "నాన్నా, నాకోసం ఇంకెవరికీ ఏమీ చెప్పకు" అన్నది. తిట్టినా బాగుండేది.

4. పిమ్మట రెండవ మౌఖిక పరీక్షకు పిలుపు వచ్చినది. ఇది ఏ నియమం ప్రకారమో తెలియలేదు. డిపార్టుమెంటులో అడుగుదామని పోతే మాస్టారి గదికి తాళం. తలుపు మీది పేరు పలక ఊడదీశారు. అది ఉన్నంత మేర రంగు కొత్తగా మెరుస్తోంది.

"సెలవు మీద ఉన్నారు" అన్నాడు బంట్రోతు.

"ఎప్పటిదాకా బాబూ?"

"అది ఆయనక్కూడా తెలీదంట. నువ్వు ఇక్కడ నిలబడకు తాతా."

రెండో పరీక్షలో మాస్టారు లేరు, పుస్తకం లేదు. బూడిదరంగు కోటాయన ఉన్నారు. మా అమ్మాయి ఇంటికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నది. "బాగా చెప్పావా అమ్మా?" అని అడిగాను. "వాళ్లు మార్కులు వెయ్యరు నాన్నా" అన్నది.

5. పొడుగబ్బాయిని కూడా మౌఖిక పరీక్షకే పిలిచారు. ఇంకా తిరిగి రాలేదు. వాళ్లమ్మ రోజూ మా షాపుకి వచ్చి, వాడి గౌను చేత్తో నిమిరి, "వాడు చిక్కిపోయి వస్తాడేమో అన్నయ్యా, బిగించడానికి వీలుంచు" అంటుంది. వీలుంచాను. కళ్లజోడు పిల్ల ఇంటికి బయటినుంచి గొళ్లెం పెట్టి ఉంది. ఇస్త్రీ బండి ఉన్నచోటే ఉంది. పెట్టెలో బొగ్గులు చల్లారిపోయాయి, ఎవరివో చొక్కాలు సగం ఇస్త్రీతో మడతపెట్టి ఉన్నాయి. అయ్యా, ఆయన అక్షరం ముక్క రానివాడు. ఆయన ఏ డిగ్రీకి చదువుతున్నాడని మౌఖిక పరీక్ష? ఈ ఒక్క సంగతి తమరు విచారించగలరని ప్రార్థన.

6. ఇప్పుడు మా అమ్మాయికి మూడవ పిలుపు వచ్చినది. రేపు ఉదయం హాజరు కావలెను. డిపార్టుమెంటుకి కాదు, పాత ప్రెస్సు వెనక బోర్డు లేని మేడకి. "తండ్రి తోడు రానక్కరలేదు" అని కూడా వ్రాసియున్నారు. ఆడపిల్ల పరీక్షకి తండ్రి రాకూడదన్న నియమం మా అమ్మాయి నాకు చదివి వినిపించిన వాటిలో లేదు.

కావున ఘనత వహించిన తమకు విన్నవించుకొనునది ఏమనగా: కావలసినవన్నియు పూర్తయినందున మా అమ్మాయికి డిగ్రీ దయచేయించి, ఇక ఏ పరీక్షకూ పిలవవద్దని ఉత్తర్వు ఇప్పించగలరు. నేను కోటాయనతో చెప్పినదంతా తండ్రి గొప్పలుగా భావించి కొట్టివేయగలరు. కాకి పిల్ల కాకికి ముద్దు. అది నాయకురాలు కాదు. ఎక్కువగా వినేది, గ్లాసులు కడిగేది. ఒకవేళ బృందం అన్నాక నాయకుడు ఒకడు ఉండి తీరవలెనని నియమం ఉంటే, ఆ నాయకుణ్ణి నేనే. షాపు నాది, బల్ల నాది, టీ నాది, వాళ్లకి వేసిన లైటు నాది. అన్నీ కొలుచుకోవచ్చు.

చిత్తగించి, రేపటిలోగా దయచూడవలెను.

తమ విధేయుడు,
ఆనందంలో ఉన్న ఒక తండ్రి,
గౌన్ల దర్జీ

తా.క. అయ్యా, తెల్లారి వచ్చి చూస్తే తమ ఆఫీసు ఇంకా తెరవలేదు. అందుకని అర్జీ జేబులో పెట్టుకుని అమ్మాయి వెంట మేడకే వచ్చాను. నడిమి అంతస్తులో కోటాయన దీన్ని నిలబడే చదివారు. "పెద్దాయనా, నాయకుణ్ణి నేనే అన్నచోట ఇంకో సంతకం పెట్టండి, మీ అమ్మాయిని పంపించేస్తాం" అన్నారు. ఈ అర్జీ తమకి తానే పంపుతారట. పెట్టేశాను. చేతిలో పెన్ను ఉందిగనక, ఆయన లోపలికి పోయి వచ్చేలోగా మిగిలిన జాగాలో ఈ నాలుగు ముక్కలు.

మా అమ్మాయి ఏడ్చింది. "అది చింపెయ్ నాన్నా" అన్నది. "ఊరుకోవే పిచ్చిదానా, ఐదో క్లాసు దాటని మీ నాన్నకి డిగ్రీ పరీక్ష పెడుతున్నారు, ఎంత గొప్ప! నువ్వు ఇంటికి పోయి గౌను తొడుక్కుని నిలబడు, అంచు అమ్మ కుడుతుంది. చెప్పులు విప్పకు" అన్నాను. ఎవరో వచ్చి "ఇటునుంచి దగ్గరమ్మా" అని వెనక తలుపులోంచి తీసుకెళ్లారు. దాని ఎడమ చెప్పు పట్టీ మొన్న నేనే కుట్టాను. అడుగు తీసినప్పుడల్లా కిర్రుమంటుంది. మెట్ల మీద ఆ చప్పుడు ఇంకా వినబడుతోంది. ఈ మేడలో ఎక్కినా దిగినా ఒకేలా మోగుతుంది.

దిగుతోంది. కన్నవాణ్ణి, నాకు తెలీదా? కిందికే దిగుతోంది.