శ్రావ్య చేత కొట్టేయించిన జవాబు

చిక్కడపల్లి, గురువారం

పొద్దున శ్రావ్య నారాయణగూడలో పరీక్షకు బయల్దేరుతూ ఒక లెక్క చూపించింది. క్వాంటం మెకానిక్స్‌లో కొలిచే రాశులను సూచించే రెండు హెర్మిషియన్ ఆపరేటర్ల కమ్యుటేటర్‌కు సగటు విలువ కట్టాలి. మనవరాలికి కల్పిత సంఖ్య వచ్చింది.

"కొలిచే రాశి సగటు వాస్తవ సంఖ్యే కావాలె. కొట్టెయ్," అన్నాను.

"వేరువేరుగ అయితే గట్లనే అమ్మమ్మా. రెండిటినీ వరుస మార్చి గుణించి తీసేస్తే వచ్చేది హెర్మిషియన్ కాదు. జర సూడు."

"ఇన్నేళ్లు కాలేజీల లెక్కలు చెప్పినదాన్ని. నాకే నేర్పుతున్నవా?"

పెన్ను తీసి కొట్టేసింది.

అది వెళ్లాక మనసొప్పక నేనే వేసి చూశాను. కమ్యుటేటర్‌కు సంయుగ్మం తీసుకోగానే ముందు మైనస్ వచ్చింది. అంటే సగటు కల్పిత సంఖ్యే. పిల్లదే సరైన జవాబు. అప్పటికి పరీక్ష మొదలైపోయింది.

తప్పు చేసినవాళ్లు భోజనాల దగ్గర అందరి ముందూ ఒప్పుకోవాలన్నది ఈ ఇంట్లో నేను పెట్టిన నియమం. రాత్రి కంచాల ముందు కూర్చోగానే శ్రావ్యే మొదలుపెట్టింది.

"కమ్యుటేటర్ లెక్క వచ్చింది మమ్మీ. తప్పు రాసిన. నేనే ఆగమైన."

"అమ్మమ్మ ఇంట్లనే ఉండె గదనే. పోయేముందు ఒక్కసారి అడగొద్దా?" అంది నా కూతురు.

శ్రావ్య తలెత్తలేదు. నా వైపు చూస్తే నేను దొరికిపోతానని కాబోలు.

నిజం నోటిదాకా వచ్చింది. అయినా, ఇంకొంచెం మజ్జిగ పోయనా అని మాత్రమే అడిగాను. చాలు అమ్మమ్మా, అంది.