అన్నంలో గుచ్చిన ఈనెలు

అమలాపురం, 2004. ఆదివారం రాత్రి.

ఆఫీసువాళ్లు వచ్చేవారం మూడు నెలల ట్రైనింగుకి టోక్యో పంపుతున్నారు. అక్కడ ఆకలితో పోకూడదు కనుక, హోటల్లో అడగాల్సిన మాటలు పుస్తకం చూసి బట్టీ పడుతున్నాను.

మధ్యాహ్నం పెరటి అరుగు మీద కంచం పెట్టుకున్నాను. పుల్లలతో తినడం నేర్చుకోవాలని రెండు కొబ్బరి ఈనెలు విరిచి, అన్నంలో నిటారుగా గుచ్చి, లేని సర్వరుగారితో "హితోరి దెస్" అన్నాను. ఒక్కడినే వచ్చానని అర్థం.

గోడ మీద కాకి వాలింది. ముద్ద తీసి పెట్టినా ముట్టదు, నన్నే చూస్తోంది.

గుమ్మంలోంచి మామ్మ, "పిండం ముట్టని కాకిలా ఉందేంట్రా? కోరికేదో ఉండిపోయినట్టుంది" అంది.

నేను చేతులు జోడించి, "కాకిగారూ, జపాన్ మానేస్తానండి, భోంచెయ్యండి" అన్నాను.

వెంటనే తినేసింది. మామ్మ నవ్వలేదు.

సాయంత్రం పుస్తకంలో పేజీ తిప్పితే ఉంది: అన్నంలో పుల్లలు నిలబెట్టకూడదట. అక్కడ అలా పెట్టేది చనిపోయినవాళ్లకట.

ఆ కంచం నాదే మరి.

ఇందాక మామ్మ దీపం తగ్గిస్తూ, "కాకికిచ్చిన మాట తప్పకూడదురా, తెలుసుగా?" అంది.

"ఆయ్" అన్నాను. వేళాకోళంగానే అందామనుకున్నాను, నిజంగానే అనేశాను.

టికెట్ ఇంకా పెట్టెలో సర్దలేదు...