ఓడినన్నాళ్లూ పిలిచారు

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు బాక్సింగ్ నేర్పిన మన చంటి రెండు నెలల క్రితం డాలస్‌లో గెలిచాడు. పైకొస్తున్న కుర్రవాడి చేతిలో ఓడతాడనే పోటీలు పెట్టేవాళ్లు వీణ్ణి పిలిచారు. వీడు అతణ్ణి పడగొట్టాడు.

నిన్న మనింట్లో ప్రార్థన అయ్యాక మన చర్చి సుందరంగారు చంటిని చూసి అందుకున్నారు.

“ఏం చాంపియన్, ఇంకా స్కూల్ బస్ తోలడమేనా? జాబ్ క్విట్ చేసెయ్. దేవుడే చూసుకుంటాడు!”

ఆయన ఏనాడూ ఒక్క మ్యాచ్‌కీ రాలేదు. నాకు ఒళ్లు మండింది.

“ఉద్యోగం మానేశాక దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ మీరిస్తారా అన్నయ్యగారూ?”

చంటి తల దించుకుని, “గెలిచాక ఒక్క ఫోనూ రాలేదక్కా. గెలిచేవాడు వాళ్లకెందుకు?” అన్నాడు.

ఓడినన్నాళ్లూ నెలనెలా పిలిచినవాళ్లే!

పొద్దున్నే వాడు బస్ తీశాడు. మళ్లీ పిలవాలంటే వాడు ఎక్కడో ఒకచోట ఓడాలట. అందుకు మాత్రం నేను ప్రార్థన చేయను.

అక్క