దొరగారి జవాబు

జనవరి 6, 1953

నా రాత కోడి కెలికినట్టుంటుంది. తప్పులూ ఉంటాయి. పల్లె బడిలో నాలుగేళ్లే చదివాను. ఎవరైనా చూస్తే క్షమించాలి.

గాల్వే ఊరి నుంచి నా చెల్లెలు డెలియా లెటర్ రాసింది. ఫిబ్రవరి ఒకటో తారీకులోగా వస్తే గది నాదట. లేకపోతే అద్దెకిచ్చేస్తుందట. నాకు డెబ్బై ఒకటి. ఈ బంగళాలో యాభై ఐదేళ్లు చేశాను. వెళ్లాలి.

జనవరి 9

ఇక్కడ పనివాడు మానాలంటే బంగళా యజమానులైన అన్నాచెల్లెళ్లిద్దరూ ఒప్పుకోవాలి. వాళ్ల నాన్న పెద్దదొర పెట్టిన పద్ధతి. అన్న ల్యూషస్ దొరగారు చెల్లెలు అమ్మగారి గుర్రాన్ని అమ్మినప్పటి నుంచి, పంతొమ్మిదేళ్లుగా, ఇద్దరికీ మాటల్లేవు. భోజనాల బల్ల ఆ కొసన ఆయన, ఈ కొసన హానరియా అమ్మగారు. మధ్యలో మాటలు మోసేది నేను.

సూప్ వడ్డిస్తూ అడిగాను. దొరగారు వెంటనే, "పోరా బార్ట్లీ, నువ్వైనా బతుకు" అన్నారు. ఆ మాట మోసుకెళ్లి చెప్పాను. అమ్మగారు తల ఎత్తలేదు. "వాడు సరేనన్నాడా? అయితే నేను కాదన్నానని చెప్పు."

ఆయన వద్దన్నారని చెప్పాల్సింది. బుద్ధి లేదు నాకు.

జనవరి 14

దొరగారు పోయారు. పొద్దున బల్ల దగ్గర ఉడికిన గుడ్డు పగలగొడుతూ అలాగే ఒరిగిపోయారు.

జనవరి 17

వానలో పూడ్చాం. డబ్లిన్ నుంచి బంధువు ఒక్కడే వచ్చాడు, వెండి చెంచాలు చూసుకుని వెళ్లాడు.

రాత్రి భోజనానికి అమ్మగారు రెండు కంచాలు పెట్టమన్నారు. "బార్ట్లీ, సమాధి మీది ఆ తెల్లపూలు నేను పంపలేదని వాడికి చెప్పు."

దొరగారు పోయారు కదమ్మా అన్నాను.

"చచ్చినంత మాత్రాన నేను మాట్లాడేస్తానా? నడువు."

ఖాళీ కుర్చీ దగ్గర కాసేపు నిలబడి తిరిగొచ్చాను. ఏమన్నాడని అడిగారు. ఏమీ అనలేదన్నాను. ఆమె ఫోర్క్ ముట్టలేదు.

జనవరి 20

అమ్మగారు మూడు రోజులుగా ఏమీ తినలేదు. వంటమనిషి నా మీద విరుచుకుపడింది. "ఏదో ఒకటి కల్పించి చెప్పవయ్యా, నీ నోరేమైనా అరిగిపోతుందా?"

మాంసం ఉడకలేదంటున్నారు దొరగారు అని చెప్పాను. "బ్రహ్మాండంగా ఉడికింది, వాడికేం తెలుసు!" అని అమ్మగారు రెండుసార్లు వడ్డించుకున్నారు.

జనవరి 24

ఉపాయం తట్టింది. ఆయన వద్దంటే ఈమె పొమ్మంటారు కదా. కుర్చీ దాకా వెళ్లొచ్చి చెప్పాను. "బార్ట్లీని ఎట్టి పరిస్థితుల్లోనూ పంపొద్దంటున్నారమ్మా."

చెంచా కింద పెట్టారు. చాలాసేపు ఆ కొసకే చూశారు. కళ్లు తుడుచుకున్నారు.

"పంతొమ్మిదేళ్లకి ఒక్క మంచి మాటన్నాడు. నేనూ అదే అంటున్నానని చెప్పు."

వెళ్లి చెప్పాను.

జనవరి 31

ప్రయాణానికి కట్టుకున్న సామాను విప్పేశాను.

ఫిబ్రవరి 1

ల్యూషస్ దొరగారికి. గది పోయింది. అమ్మగారు ఇప్పుడు మీరేమన్నా సరేనంటున్నారు, ఇంకేమన్నారని అడుగుతున్నారు. నా దగ్గర మాటలు అయిపోయాయి. భోజనం గంట కొట్టేలోగా దయచేసి జవాబు చెప్పండి.